పురాణం బొమ్మ ఏఐతో చేయించాలా? ఏ పనికి ఏ శైలి నప్పుతుంది

వినాయక చవితికి నెల ముందు నుంచే పోరగాళ్లు ఫోన్లు పట్టుకొని మా షాపుకి వస్తుంటారు. "అన్నా, గిండ్ల ఏది మంచిగున్నది?" అని ఒకే దేవుడి బొమ్మలు నాలుగైదు చూపిస్తారు. ఒకటి క్యాలెండర్ బొమ్మలా ఉంటుంది, ఒకటి జపాన్ కార్టూన్‌లా, ఒకటి పెద్ద సినిమా పోస్టర్‌లా. అన్నీ ఏఐతో చేసినవే, ఒక్కోదానికి నిమిషం కూడా పట్టనివే. రెండేళ్ల కిందటి వరకు దేవుడి బొమ్మ కావాలంటే నా కంప్యూటర్‌లో ఉన్న పాత ఫోల్డర్ తెరిచి, ఉన్నవాటిలో ఒకటి వాడేవాణ్ని. ఇప్పుడు ఏరుకోవడమే పెద్ద పనైంది.

నల్లగొండలో డిజైనింగ్ పని చేసే నేను వాళ్లను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈ బొమ్మ ఎక్కడ పెడతారు? ఎన్ని రోజులు ఉంటుంది? వాట్సాప్ స్టేటస్‌లో ఒక రోజు ఉండే బొమ్మ, మండపంలో తొమ్మిది రోజులు హారతి అందుకునే బొమ్మ, కమ్యూనిటీ హాలు గోడ మీద ఇరవై ఏళ్లు ఉండే బొమ్మ ఒకటి కావు. శైలి సంగతి ఆ తర్వాత.

ఇంకో విషయం ముందే తెలిస్తే చాలా గందరగోళం తగ్గుతుంది. చాట్‌జీపీటీ, జెమినీ, మిడ్‌జర్నీ లాంటి ఏఐ యంత్రాలు కోట్ల కొద్దీ బొమ్మలను, వాటి పక్కనున్న మాటలను చూసి నేర్చుకున్నాయి. ఎక్కువ సార్లు చూసినదాన్ని బాగా గీస్తాయి. చూడనిదాన్ని దగ్గరగా ఉన్న వేరేదానితో నింపేస్తాయి. ఇంటర్నెట్‌లో వెన్న తినే కృష్ణుడి బొమ్మలు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి కృష్ణుడు చక్కగా వస్తాడు. పద్మశాలీల భావనారుషిని అడిగితే గడ్డం ఉన్న ఏదో ఒక ముని వస్తాడు. మనం అడిగే కథ దేశమంతా తెలిసిందా, మన ఊరి కులపురాణంలోదా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

క్యాలెండర్ శైలి

మండపానికి, వ్రతం కార్డుకి, గుడి కరపత్రానికి నేను ఎక్కువగా ఇదే చెప్తాను. దీనికి మూలం రవివర్మ. 1848లో పుట్టి 1906లో పోయిన ఆయన తైలవర్ణ చిత్రాలు గీశాడు. 1894లో బొంబాయి దగ్గర ప్రెస్ పెట్టి లక్ష్మిని, సరస్వతిని అచ్చేసి సామాన్యుల ఇళ్లకు పంపాడు. తర్వాత శివకాశి క్యాలెండర్లు ఆ పద్ధతినే ఊరూరా తీసుకెళ్లాయి. మా నాయనమ్మ దేవుడి గూట్లో ఉన్న లక్ష్మి కూడా ఆ వరసలోదే. మనకు దేవుడంటే కళ్ల ముందు మెదిలే రూపం చాలావరకు అక్కడి నుంచి వచ్చింది. మిగతాది సినిమాల నుంచి వచ్చింది. కృష్ణుడంటే ఎన్టీ రామారావు కనిపించే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

యంత్రానికి ఈ శైలి బాగా వచ్చు. చీర మడతలు, దీపపు కాంతి, తామరపూలు అన్నీ కుదురుతాయి. రవివర్మ పోయి నూట ఇరవై ఏళ్లు కావస్తోంది, మన చట్టంలో కాపీరైట్ చిత్రకారుడు పోయాక అరవై ఏళ్ల వరకే. కాబట్టి ఆయన పద్ధతిలో అడిగినా ఎవరి హక్కూ పోదు.

ఇందులో ఇబ్బంది చేతుల దగ్గర వస్తుంది. వేంకటేశ్వర స్వామినే తీసుకోండి. పై కుడి చేతిలో చక్రం, పై ఎడమ చేతిలో శంఖం, కింది కుడి చెయ్యి వరదం (వరమిచ్చే ముద్ర), కింది ఎడమ చెయ్యి నడుము మీద. దేవుడి కుడి అంటే చూసే మనకు ఎడమ వైపు. యంత్రం ఇక్కడే తికమక పడుతుంది, శంఖచక్రాలను తారుమారు చేస్తుంది. అందుకే "చూసేవారికి ఎడమ వైపున ఉన్న పై చేతిలో చక్రం" అని రాసి అడగాలి. ఒక్కో చెయ్యికీ ఒక్కో వాక్యం రాస్తే సగం తప్పులు పోతాయి.

ఈ తప్పు యంత్రం ఒక్కటే చేయదు. మన్యంకొండ వెళ్లే భక్తుల కోసం ఒకసారి బ్యానర్ చేస్తూ, రాత ఎడమ వైపుకు రావాలని స్వామి బొమ్మను కంప్యూటర్‌లో అద్దంలో చూపినట్టు తిప్పేశాను. శంఖం, చక్రం చేతులు మారాయి. నాకు కనిపించలేదు. ప్రింట్ అయ్యి కట్టాక, ఒక పెద్దాయన బ్యానర్ కింద నిలబడి చాలాసేపు చూసి, "స్వామి చెయ్యి నడుముకు అటు దిక్కు పెట్టిండేంది బిడ్డా" అన్నాడు. నా గుండె జారిపోయింది. అదే రాత్రి దింపి మళ్లీ ప్రింట్ చేసిచ్చాను. అప్పటి నుంచి దేవుడి బొమ్మను తిప్పే బటన్ జోలికి పోను. మీరూ పోవద్దు.

వినాయకుడికైతే తొండం ఏ వైపు తిరిగింది, ఏ దంతం విరిగింది, ఎలుక ఉందా లేదా అని చూసుకోండి. ఎలుక చాలాసార్లు కుందేలులా వస్తుంది. ఈ శైలిలో ఇంకో లోపం, దేవతలందరినీ ఒకే తెల్లటి ముఖంతో గీయడం. రాముడు నీలమేఘ శ్యాముడు, ద్రౌపది నల్లనిది కాబట్టే ఆమెకు కృష్ణ అని పేరు. ఆ మాట అడిగేటప్పుడే రాయండి, లేకపోతే ఫేస్‌క్రీమ్ ప్రకటనలా వస్తుంది.

జిబ్లీ, యానిమే

2025 మార్చిలో చాట్‌జీపీటీలో కొత్త బొమ్మల సౌకర్యం రాగానే అందరూ తమ ఫోటోలను జపాన్‌లోని స్టూడియో జిబ్లీ పద్ధతిలోకి మార్చుకున్నారు. వారం తిరక్కుండానే దేవుళ్లు కూడా అందులోకి వచ్చారు. మెత్తటి రంగులు, పెద్ద కళ్లు, గాలికి ఊగే గడ్డి. కథను బట్టి ఇది నిజంగా బాగుంటుంది. సూర్యుణ్ని పండనుకొని ఎగిరే చిన్ని హనుమంతుడు, ఉట్టి కొట్టే కృష్ణుడు, ఏకచక్రపురంలో బండెడు అన్నం తినే భీముడు, ఇవి ఈ శైలిలో పిల్లలకు భలే నచ్చుతాయి. మా చెల్లె కూతురు రాత్రి కథ అడిగితే నేను నాలుగు బొమ్మలు ఇలాగే చేసి చూపిస్తాను. పుట్టినరోజు కార్డుకి, చిన్నపిల్లల తరగతి గోడకి, స్టేటస్‌కి వాడుకోవచ్చు.

నరసింహుడికి మాత్రం వద్దు. యాదగిరిగుట్ట పాదయాత్ర కోసం ఒక బృందం ఈ శైలిలో స్వామిని చేసుకొని వచ్చింది. జూలు దూదిలా, కళ్లు జాలిగా, ఒళ్లో హిరణ్యకశిపుడు నిద్రపోతున్నట్టు ఉంది. ఆ కథలో ఉన్న భయం పోతే ప్రహ్లాదుడి ధైర్యం కూడా కనిపించదు. అభిమన్యుడు, కురుసభలో ద్రౌపది, వాలి వధ కూడా అంతే. ఏడుపు, కోపం, రక్తం ఉన్న ఘట్టాలను ఈ మెత్తదనం నీళ్లపాలు చేస్తుంది.

యానిమే, అంటే జపాన్ కార్టూన్, మన కథకు పరాయిది అనుకునే పెద్దలకు ఒక మాట. యుగో సాకో అనే జపాన్ దర్శకుడు మన యానిమేటర్ రామ్‌మోహన్‌తో కలిసి రామాయణాన్ని 1990ల్లోనే యానిమేషన్ సినిమాగా తీశాడు. ప్రతి బొమ్మా చేత్తో గీసిందే. ఆ పద్ధతిలో రాముడు ఎంత గంభీరంగా ఉండగలడో అందులో కనిపిస్తుంది. చేత్తో గీసినవాళ్లు ఏళ్లు పెట్టారు, వాల్మీకిని చదివారు. జిబ్లీ స్థాపకుల్లో ఒకరైన హయావో మియజాకి 2016లో యంత్రం చేసిన యానిమేషన్‌ను తనకు చూపిస్తే అది ప్రాణానికే అవమానం అన్నాడు. ఆ మనిషి బాధ తెలిశాక, ఇంట్లో పిల్లలకు చూపించుకోవడం వరకు సరే అనిపిస్తుంది కానీ, ఆ శైలిని టీషర్టుల మీద అచ్చేసి అమ్మడానికి నేను ఒప్పుకోను. అడిగినవాళ్లను వెనక్కి పంపాను.

సినిమా పోస్టర్ శైలి

పోరగాళ్లు అందరికంటే ఎక్కువ అడిగేది ఇదే. మెరుపులు, పొగ, కండలు తిరిగిన హనుమంతుడు, కోపంతో ఊగిపోయే శివుడు. ఫోన్‌లో చూస్తే కళ్లు తిప్పుకోలేం. నేను మాత్రం వద్దని చెప్తాను. రాముడి ముఖంలో ఉండాల్సింది శాంతం. హనుమంతుడు ఎంత బలవంతుడో అంత వినయం ఉన్నవాడు, చేతులు కట్టుకొని కూర్చున్నప్పుడే మనకు ఇష్టం. ఈ శైలిలో యంత్రానికి తెలిసిన వీరుడు ఒక్కడే, వాడు ఎప్పుడూ పళ్లు కొరుకుతూనే ఉంటాడు.

దసరాకి మా వీధిలో రావణుడి ఫ్లెక్సీ ఇలాగే చేశాం. ఎత్తుగా, భయంకరంగా, అందరూ మెచ్చుకునేలా వచ్చింది. సాయంత్రం ఏడెనిమిదేళ్ల పిల్ల ఒకతె వేలితో లెక్కపెట్టి, "తొమ్మిదే ఉన్నయి" అంది. మళ్లీ లెక్కపెట్టాం, నిజమే. కారణం తర్వాత అర్థమైంది. మధ్యలో ఒక తల పెట్టి రెండు పక్కలా సమానంగా పేర్చడం యంత్రానికి అలవాటు. అలా పేరిస్తే తొమ్మిది వస్తాయి, లేదంటే పదకొండు. పది రావాలంటే ఒక పక్క ఐదు, ఒక పక్క నాలుగు ఉండాలి. మన బొమ్మలవాళ్లు ఎప్పటినుంచో అలాగే వేస్తున్నారు. మీకు రావణుడు కావాలంటే తలలు లేకుండా ముందు మనిషిని చేయించి, తలలను విడిగా చేసి మీరే పేర్చుకోండి. శ్రమే, కానీ ఎవరూ వేలెత్తి చూపించరు.

రాతి శిల్పం శైలి

స్కూల్ ప్రాజెక్టుకి, నలుపు తెలుపు పెళ్లి కార్డుకి, ఊరి చరిత్ర గురించి వేసే చిన్న పుస్తకానికి ఇది హుందాగా ఉంటుంది. అయితే "తెలంగాణ గుడి" అని అడిగితే యంత్రం తమిళనాడు గోపురం పెడుతుంది. అలంపురం నవబ్రహ్మ గుళ్లు బాదామి చాళుక్యుల నాటివి, ఏడు, ఎనిమిది శతాబ్దాలవి. వాటిలో ఎక్కువ శిఖరాలు ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి, పైన ఉసిరికాయ ఆకారంతో ఉంటాయి. పేరు చెప్పి అడిగినా ఆ రూపం రాదు.

దీనికి నేను కనిపెట్టిన దారి సులువైనదే. నల్లగొండ పక్కనే పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ఉంది. గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు చెక్కి ఉన్నాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోన్‌తో ఫోటో తీసి, దాన్నే యంత్రానికి ఇచ్చి "ఈ రాతిపని పద్ధతిలో ఫలానా ఘట్టం" అని అడగండి. ఒట్టి మాటలతో వచ్చేదానికి, ఇలా వచ్చేదానికి చాలా తేడా ఉంటుంది. పాలమూరు వైపు వాళ్లు అలంపురంలో విశ్వబ్రహ్మ గుడి గోడల దగ్గర ఇదే పని చేయొచ్చు. ఫోటో కోసం వెళ్లిన పిల్లలు ఆ శిల్పాన్ని కళ్లతో చూసొస్తారు, నాకు అదే ఎక్కువ సంతోషం. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లో కాకతీయుల కాలపు రంగుల చిత్రం కూడా ఉంది, అమృత మథనం. (మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మర్రిచెట్టు, ఇది వేరే ఊరు.) రంగులు వెలిసిపోయినా, పాముని అటూ ఇటూ పట్టుకొని లాగుతున్న వరస తెలుస్తుంది. మన నేల మీద పురాణాన్ని రంగుల్లో చెప్పడం ఎంత పాతదో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

చేర్యాల శైలి, ఒక మగ్గం

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనదాని గురించి. జనగామ నుంచి సిద్దిపేట వెళ్లే దారిలో ఉంది చేర్యాల. అక్కడి నకాషీ కుటుంబాలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, దాని మీద కథ గీస్తారు. వెనక ఎర్రటి ఎరుపు. కథ గళ్లుగళ్లుగా సాగుతుంది. పాత పటాల్లో కొన్ని నలభై అడుగులు దాటేవి. వాటిని గోడకు అలంకారంగా పెట్టేవాళ్లు కాదు. పటం విప్పి, ఒక్కో గడినీ చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవారు. ముదిరాజులకు కాకి పడగలవాళ్లు పాండవుల కథ చెప్పేవారు. మాదిగలకు జాంబ పురాణం ఉంది, చాకలివాళ్లకు మడేలు పురాణం ఉంది. ఎవరి పురాణం వాళ్లది, ఎవరి పటం వాళ్లది.

మా దగ్గరి ఊళ్లో పద్మశాలి సంఘం హాలుకి రంగులేస్తూ, ఎదురు గోడ మీద భావనారుషి బొమ్మ పెడదామనుకున్నారు. దేవతలకు తామరతూడు దారంతో బట్ట నేసినవాడు, పులిని వాహనంగా చేసుకున్నవాడు. ఏఐతో చేర్యాల పద్ధతిలో చేయమన్నారు. రెండు రోజులు కూర్చున్నాను. ఎరుపు వచ్చింది, పులి వచ్చింది, అంచున పూలతీగె వచ్చింది. కొంత బిహార్ మధుబని కలిసింది, కొంత కలంకారీ కలిసింది, అయినా చూడ్డానికి బాగానే ఉంది. ప్రింట్ తీసి సంఘం పెద్దలకు చూపించాను.

అందులో ఒక ముసలాయన, అరవై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి, కళ్లద్దాలు తీసి కాగితాన్ని ముక్కుకు ఆనించుకొని చూశాడు. పులిని చూడలేదు, రుషి ముఖాన్నీ చూడలేదు. మగ్గాన్ని చూశాడు. "పడుగు ఏడికెళ్లి వస్తున్నది బిడ్డా? గుంట లేదు, కాళ్లు ఏడ పెడ్తడు? నాడె ఏ చేత్తోని ఇసురుతడు?" అన్నాడు. పడుగంటే నిలువు దారాలు, నాడె అంటే అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది, గుంట అంటే నేసేవాళ్లు కాళ్లు పెట్టే గొయ్యి. నాకు నోట మాట రాలేదు. యంత్రం గీసింది నాలుగు కర్రల చట్రం, అందులో అడ్డదిడ్డంగా దారాలు. ఏ విదేశీ బొమ్మలోనో చూసిన మగ్గం అది. గుంట మగ్గం దానికి తెలియదు. రుషి చేతులు దారాలకు తగలను కూడా తగలట్లేదు. నేత నేసేవాళ్ల దేవుడికి నేయడం రాదన్నట్టుంది ఆ బొమ్మ.

మళ్లీ మళ్లీ అడిగి చూశాను. గుంట అని రాస్తే నేల మీద బావి పెట్టింది. అప్పుడే నిశ్చయించుకున్నాను, కులపురాణాలకు, స్థలపురాణాలకు, ఊరి దేవతలకు ఈ శైలిని యంత్రంతో చేయించకూడదని. హాలు గోడ మీద ఏళ్ల తరబడి ఉండేదాన్ని చేర్యాలలో గీయించుకోండి. ఖర్చు ఎక్కువే, నెలలు పడుతుంది. కానీ ఆ గీసే మనిషికి "పడుగు ఇటు రావాలి" అని చెప్తే అర్థమవుతుంది. ఆ డబ్బు ఆ కళను నిలబెట్టిన నాలుగైదు ఇళ్లకు చేరుతుంది. యంత్రం ఆ ఎరుపు రంగును వాళ్ల దగ్గరే నేర్చుకుంది, వాళ్లకు మాత్రం ఒక్క రూపాయి వెళ్లలేదు.

ఇదే లెక్కన ఇంకో మాట. "బాపు బొమ్మలా", "తోట వైకుంఠం పద్ధతిలో" అని పేరు పెట్టి అడగకండి. బాపు పోయింది 2014లో, ఆయన గీసినవాటి మీద హక్కులు ఇంకా చాలా ఏళ్లు ఉంటాయి. వైకుంఠం గారు మన మధ్యే ఉన్న చిత్రకారుడు. శైలి మీద చట్టం పట్టు తక్కువే కావచ్చు, బతికున్న మనిషి చేతిరాతను సంతకం లేకుండా వాడుకున్నట్టే అనిపిస్తుంది నాకు. "తెలుగు పల్లె ఆడవాళ్లు, ముదురు రంగులు, మందమైన గీత" అని మామూలు మాటల్లో అడిగినా పని జరుగుతుంది.

ప్రింట్‌కి ముందు

ఏ శైలి ఎంచుకున్నా ఇక్కడ చాలామంది దెబ్బతింటున్నారు. యంత్రం 1024 పిక్సెళ్ల, అంటే చుక్కల, వెడల్పు బొమ్మ ఇచ్చిందనుకోండి. దాన్ని పది అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి తొమ్మిది చుక్కలు కూడా రావు, దేవుడి కళ్లు మసకబారతాయి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకైనా అంగుళానికి కనీసం నలభై చుక్కలు, అంటే 4800 పిక్సెళ్లు ఉండాలి. ఏ3 కాగితం మీద మంచి ప్రింట్‌కి 3508 బై 4961 కావాలి. పెద్దది చేసే సాఫ్ట్‌వేర్ వాడితే ఒకసారి కళ్లు, వేళ్లు దగ్గరగా చూడండి, అది సొంతంగా ఏవేవో కలుపుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఇంకా చిన్నదవుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. తెలుగు అక్షరాలు యంత్రంతో రాయించొద్దు, ఒత్తులు ఎగిరిపోవచ్చు. బొమ్మ ఒకటి, రాత వేరుగా మన ఫాంట్‌తో. మూలన చిన్నగా "ఏఐతో చేసిన బొమ్మ" అని వేయండి, రేపు ఎవరైనా పాత చిత్రమనుకొని పుస్తకాల్లోకి ఎక్కించకుండా ఉంటుంది. చివరిగా, ప్రింట్‌కి ఇచ్చే ముందు ఊళ్లో కథ తెలిసిన ఒక పెద్దమనిషికి, లెక్కపెట్టే వయసున్న ఒక పిల్లకి చూపించండి. నేను ఇప్పుడు ఇద్దరికీ చూపించకుండా ఏదీ పంపట్లేదు.

సంఘం హాలు సంగతి చెప్పాలి. ఆ ముసలాయన ఆ రోజు నా బల్ల మీదున్న పాత పెళ్లి కార్డు తీసుకొని వెనక్కి తిప్పాడు. నా పెన్నుతో గుంట గీశాడు, అందులో కాళ్లు గీశాడు, పడుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీశాడు. దారాలను సర్ది కొట్టే అచ్చు, నాడె, పైన వేలాడే తాడు. చెయ్యి వణుకుతోంది కానీ గీత ఎక్కడా తప్పలేదు. రుషి తల ఎటు వంగి ఉండాలో కూడా చిన్న గుండ్రంతో చూపించాడు, "నేసేటోని చూపు బట్ట మీదనే ఉంటది" అంటూ. సంఘం వాళ్లు ఇంకో ఆరు నెలలు గోడను ఖాళీగా ఉంచడానికి ఒప్పుకున్నారు. ఆ కార్డుని ఫోటో తీసుకొని నా దగ్గర ఉంచుకున్నాను. అసలుది చేర్యాలకు వెళ్లింది.